సెల్లార్‌లో చెరువు మన్ను

పోయిన వానాకాలం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయి. రాత్రి రెండింటికి మొదలైన వాన తెల్లారేసరికి తగ్గింది. నీళ్లు మాత్రం ఎండ వచ్చాక కూడా ఆగలేదు. బయటికి తీసేలోపే పదకొండు కార్లు మునిగాయి. లిఫ్టు బంద్. రెండు మోటర్లు పెట్టి రెండు రోజులు తోడితే అడుగున జానెడు మందాన నల్లటి బురద మిగిలింది.

ఆ బురదలో కాలు పెట్టగానే వాసన తగిలింది. డ్రైనేజీ వాసన కూడా ఉంది కానీ, దాని కింద ఇంకొకటి ఉంది. కుళ్లిన తుంగ, కొంచెం చేపల నీచు, ఎండకు నెర్రెలు విచ్చిన నేల మీద చినుకు పడ్డప్పటి చల్లదనం. మెట్ల మీద అట్లాగే నిలబడిపోయాను. కింద ఫ్లాటాయన "సార్, జారుతుంది, పైకి రండి" అంటున్నాడు. నాకు మా తాత ధోవతి అంచు కళ్ల ముందు మెదిలింది. ఎప్పుడూ తడిగా, ఎప్పుడూ ఈ వాసనతోనే ఉండేది.

మా వాచ్‌మన్ భార్యది పాలమూరు వైపు. పారతో బురద ఎత్తుతూ ఆగి, రెండు వేళ్లతో నలిపి చూసింది.

"ఇది చెర్వు మన్ను గద సార్! మా ఊర్ల మిషన్ కాకతీయ అప్పుడు గిసుంటి మన్నే ట్రాక్టర్ల మీద చేన్లకు తోలిచ్చుకున్నం. ఈడ చెర్వు యాడున్నది?"

అప్పుడు నేను జవాబు చెప్పలేదు. చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

* * *

మా తాత ఊరి నీరటి. చెరువు తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎంత నీరు పోవాలో చూడటం, కట్టలో ఎలుక బొరియ పెట్టినా కనిపెట్టడం ఆయన పని. దానికి నెల జీతం లేదు. కొంచెం ఇనాం భూమి ఉండేది, కోతలప్పుడు కల్లంలో ప్రతి రైతూ మేర కింద వడ్లు కొలిచేవాడు.

మాది హైదరాబాద్‌కు తూర్పున ఒక పల్లె. ఇప్పుడు అది నగరంలో ఒక బస్‌స్టాప్.

తూమంటే ఇప్పటి గేట్ల లాంటిది కాదు. కట్టకు లోపలి వైపు నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలబడి ఉండేవి. అడుగున రాతిలో రంధ్రం, దానిలోకి దిగే చెక్క బిరడా. ఒక్కోసారి చెత్త అడ్డుపడి బిరడా కదలకపోతే తాత నీళ్లలోకి మునిగేవాడు. కట్ట మీద నిలబడి నేను ఒకటి, రెండు అని లెక్కపెట్టేవాణ్ని. నలభై దాటితే భయమేసేది. అంతలో కట్టకు అవతలి వైపు కాల్వలో గుడగుడమని చప్పుడు. ముందు నీళ్లు వచ్చేవి, తర్వాత తాత తల పైకి వచ్చేది.

ఆ రాతి స్తంభం మీద ఉలితో కొట్టిన అడ్డగీతలు ఉండేవి. తాత కంటే ముందు ఎవరో కొట్టినవే. పైనుంచి నాలుగో గీత దాకా నీళ్లుంటే తాబి పంటకు, అంటే యాసంగికి, సగం మళ్లు నాటొచ్చు. ఆరో గీతకు దిగితే పావు వంతే. యాసంగికి ముందు రావిచెట్టు కింద తైబందీ కూర్చునేది. పెద్ద రైతు, చిన్న రైతు అందరూ ఉండేవాళ్లు. తాత గీత చెప్పేవాడు, దాన్నిబట్టి ఈ ఏడు ఎవరు ఎంత నాటాలో తేలేది. అందరూ సంతోషంగా లేచేవాళ్లని అనను, అరుపులు బాగానే అయ్యేవి. పెద్దవాళ్ల మాట నెగ్గిన సంవత్సరాలూ ఉన్నాయి. కానీ గీత ఎక్కడుందన్నదాని మీద మాత్రం ఎవరూ పేచీ పెట్టుకునేవాళ్లు కాదు. పోయి చూస్తే కనపడేది.

* * *

అన్నిటికంటే గట్టిగా గుర్తున్నది ఒక రాత్రి.

నాకు తొమ్మిదో పదో ఏళ్లు. మూడు రోజుల ముసురు. పడుకున్నాక ఎక్కడో దూరంగా, ఆగకుండా, బియ్యం చాటలోంచి గంపలో పోస్తున్నట్టు చప్పుడు. తాత అప్పటికే గొంగడి కప్పుకుని గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

"అలుగు దుంకింది. నువ్వు పోయి కింది ఊరికి చెప్పి రారా" అన్నాడు నాయినతో.

నేనూ వస్తానని ఏడిస్తే నాయిన సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాడు. చేతిలో మూడు సెల్లుల టార్చి. కాల్వ పక్కనే బాట. మా చెరువు నిండి అలుగు మీంచి పొర్లిన నీళ్లు ఆ కాల్వ వెంట కింది ఊరి కుంటకు పోతాయి. ఆ కుంట నిండితే దాని కింద పెద్ద చెరువు, అక్కణ్నుంచి వాగు, వాగు పోయి మూసీలో కలుస్తుంది. గొలుసుకట్టు చెరువులని పుస్తకాల్లో తర్వాత చదివాను. ఆ రాత్రి నాకు తెలిసిందల్లా ఒక్కటే, నీళ్ల కంటే ముందు మేం కింది ఊరికి చేరాలి. వాళ్లు కుంట అలుగుకు అడ్డం పడ్డ కంప, చెత్త తీసేసుకుని తూము చూసుకోవాలి. లేకపోతే కట్టకు గండి పడుతుంది.

చీకట్లో కాల్వ కనిపించేది కాదు, వినిపించేది. ఒకచోట చింతచెట్టు దగ్గర కాల్వ ఎడమకు వంక తిరుగుతుంది. అక్కడ నీళ్ల చప్పుడు మారేది, గొంతు బొంగురు పోయినట్టు. "చింతకాడికొచ్చినయ్, మనం ముందే ఉన్నం" అన్నాడు నాయిన ఆయాసపడుతూ.

కింది ఊరి నీరటిని నాయిన మామా అని పిలిచేవాడు. చుట్టరికమేం లేదు.

"మామా, మాది దుంకింది."

"ఎంత లేసింది?"

"జానెడు."

ఆయన ఇంకేం అడగలేదు. కొడుకుని లేపాడు, గొడ్డలి తీసుకున్నాడు, దాని కింది ఊరికి ఇంకొకర్ని పంపాడు. ఇదంతా ఎవరో రాసిపెట్టిన రూలు కాదు. ఏ ఆఫీసూ చెప్పలేదు. పై ఊరివాడు కింది ఊరివాణ్ని రాత్రికి రాత్రి లేపి చెప్పాలి, అంతే.

తెల్లారి ఊరంతా కట్ట మీదే. కట్టమైసమ్మకు కోడిని కోశారు. ఆడవాళ్లు పసుపు కుంకుమలు నీళ్లలో వదిలారు. అలుగు కింద పిల్లలం, ఎదురెక్కే చేపల్ని తువ్వాలతో పట్టుకుంటూ.

* * *

ఎండాకాలం చెరువు అడుగు బయటపడేది. అప్పుడు ఊతలతో కొర్రమట్టలు పట్టేవాళ్లు. చెరువు పూర్తిగా తగ్గాక బండ్లు దిగేవి. పూడిక మన్ను తవ్వి చేన్లకు తోలుకునేవాళ్లు. ఆ మన్ను పడ్డ చేనుకు రెండు మూడేళ్లు ఎరువు పని ఉండదనేవాడు నాయిన. చెరువు లోతు కూడా తగ్గకుండా ఉండేది. ఇది ఊళ్లో ఎవరికీ గొప్ప విషయంగా తోచేది కాదు. యూరియా బస్తాలు వచ్చాక మన్ను తోలడం తగ్గింది. అక్కడే మొదటి తప్పు జరిగిందని ఇప్పుడు అనిపిస్తుంది, ప్లాట్ల కంటే చాలా ముందు.

* * *

ఆరో తరగతిలో గండిపేటకు తీసుకుపోయారు. బడి మొత్తానికి అదే పెద్ద టూర్. పులిహోర డబ్బాలు, అద్దె బస్సు, కట్ట మీద వరసగా నడక. అంత నీళ్లు నేను ఎప్పుడూ చూడలేదు. మా సోషల్ సారు కట్ట మీదే పాఠం చెప్పారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరం కొట్టుకుపోయిందని, వేల మంది చనిపోయారని, అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని, ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇంకా ఉందని చెప్పారు. వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపిస్తే, నగరానికి పైన నీళ్లను ఆపే జలాశయాలు కట్టమన్నారని, అట్లా 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే ఈ గండిపేటే, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయని చెప్పారు. గండిపేట నీళ్లు పంపు లేకుండా పల్లానికి వాటంతటవే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్లకు పోతాయంటే మేం నమ్మలేదు.

ఇంటికొచ్చి తాతకు చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే. "దాని అలుగు నీళ్లు యాడికి పోతయ్ రా?"

"మూసీలకే తాతా."

"అయితే మనదీ దానిదీ ఒక్కటే" అన్నాడు. ఆ మాటకు నాకు భలే గర్వమనిపించింది. గండిపేటకు మా చెరువు చుట్టమైనట్టు.

గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు విడిచి పోడంటారు. ఇప్పుడు మా కుళాయిలో వచ్చేది కృష్ణా నీళ్లు. నూరు కిలోమీటర్లకు పైనుంచి పంపుల మీద పంపులు పెట్టి ఎత్తి తెస్తున్నారు. ఆ జలాశయాలను కాపాడటానికి 1996లో జీవో 111 వచ్చింది. 84 ఊళ్లలో పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నారు. అయినా ఆ వైపు పోతే ఫామ్‌హౌసుల గోడలు, రిసార్టులు, పెళ్లిళ్ల తోటలు. జనం నీళ్లు చూడటానికే అక్కడికి పోతారు. ఆ నీళ్లు ఏ ఒర్రెల్లోంచి వస్తాయో, ఆ ఒర్రెల మీదే లాన్లు, పార్కింగులు. 2022లో జీవో 69తో ఆ కట్టుబాటును సడలించారు. ఆ వార్త చదివిన రోజు మా సోషల్ సారు గుర్తొచ్చారు.

* * *

ఇక్కడి నుంచి రాయడం కష్టం.

ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ చదివి, లేఅవుట్లు గీసే ఒక ప్రైవేటు ఆఫీసులో చేరాను. చేతితో గీసే రోజులవి. టేబుల్‌కు టేపుతో అంటించిన ట్రేసింగ్ షీట్, సన్నటి నిబ్బు పెన్నులు, పక్కన గ్రామ నక్షా, భూముల కొలతలుండే టిప్పన్లు. నా గీత సన్నగా, వణుకు లేకుండా ఉంటుందని పేరు.

ఒకరోజు టేబుల్ మీదికి వచ్చిన నక్షా మా ఊరిది. మా చెరువు ఎగువన ఒక వెంచర్. పై కుంట నుంచి మా చెరువుకు వచ్చే కాల్వ రెండు గీతలుగా ఆ భూముల మధ్యలోంచి పోతుంది. ఉన్నది ఉన్నట్టు గీశాను. పెద్దాయన చూసి, కాల్వ వదిలితే పదహారు ప్లాట్లు పోతాయన్నాడు. "దాంట్లో నీళ్లొచ్చి ఎన్నేళ్లయింది? రోడ్డు చూపించు."

ట్రేసింగ్ షీట్ మీద ఆరిన ఇంకును రబ్బరుతో తీయలేం. బ్లేడును సగానికి విరిచి, అంచును పడుకోబెట్టి, పొట్టు లేచేట్టు గీకాలి. గట్టిగా ఒత్తితే చిల్లు పడుతుంది. గీకిన చోట గరుకవుతుంది, మళ్లీ ఇంకు పెడితే పాకుతుంది. అందుకని గోటితో రుద్ది నున్నగా చేయాలి. అరగంట పట్టింది. కాల్వ పోయింది. దాని మీదే 30 అడుగుల రోడ్డు గీశాను. చేయి వణకలేదు. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

నేను కాదంటే ఇంకొకరు గీకేవాళ్లని ఎన్నోసార్లు అనుకున్నాను. నిజమే కావచ్చు. కానీ గీకింది నేను.

అప్పటికే ఊళ్లో భూములు అమ్ముడవుతున్నాయి. అమ్మినవాళ్లను నేను తప్పుపట్టను. వరసగా వానల్లేవు, బోర్లు ఎండిపోతున్నాయి, ఆడపిల్లల పెళ్లిళ్లు. నాయిన కూడా అక్క పెళ్లికి చెరువు కింది ఎకరంన్నర అమ్మాడు. నేనుంటున్న అపార్ట్‌మెంట్ ఆ పొలంలో, దాని పక్క మళ్లలో కట్టిందే. ఊళ్లోనే ఉండాలన్న కోరికతో కొన్నాను. సేల్ డీడ్‌లో మా పాత సర్వే నంబరు చూసినప్పుడు సంతోషం కూడా కలిగింది.

వెంచర్‌కు హద్దురాళ్లు పాతాక తాత చూస్తానన్నాడు. చూపు దాదాపు పోయింది. చేయి పట్టుకుని తీసుకుపోయాను. కాల్వ గట్టు ఆయన పాదాలకు తెలుసు. ఒకచోట ఆగి కర్రతో తట్టాడు, వంగి తెల్లసున్నం వేసిన రాయిని తడిమాడు.

"గీ రాయి కాల్వల పాతిండ్రేందిరా?"

నేను మాట్లాడలేదు. ఎవరో తెలియక పాతారనుకున్నాడు పాపం. "సర్కారోల్లకు చెప్పు, తీపిస్తరు" అన్నాడు. ఆ చలికాలమే పోయాడు. చెప్పలేకపోయాను.

* * *

2020 అక్టోబర్ 13 రాత్రి ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు దాటి వాన పడింది. ఆ వారంలోనే పాతబస్తీ వైపు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి ఇళ్లలోకి నీళ్లు పోయాయి. మా ఎగువ వెంచర్‌లో ఉంటున్న స్నేహితుడు ఫోన్‌లో వీడియో పంపాడు. వీధి మధ్యలో నడుములోతు వరద, రెండు పక్కలా తేలుతున్న బైకులు. నేను రోడ్డును చూస్తున్నాను. ఒకచోట ఎడమకు వంక. నీళ్లు ఆ వంక తిరిగేటప్పుడు చేసే చప్పుడు ఫోన్‌లో కూడా వినిపించింది. అది నేను గీసిన 30 అడుగుల రోడ్డు.

మా చెరువు పూర్తిగా పోలేదు, అది నిజం. శిఖంలో, అంటే నీళ్లు పరుచుకునే నేలలో, సగం మిగిలింది. కట్ట మీద ఇప్పుడు టైల్స్ వేసిన వాకింగ్ ట్రాక్, రంగు లైట్లు, ఫొటోలు దిగడానికి పెద్ద పెద్ద అక్షరాలు, ఆదివారం పెడల్ బోట్లు. సాయంత్రం పిల్లలు ఐస్‌క్రీమ్ తింటూ తిరుగుతుంటే నాకూ బాగుంటుంది. జనం చెరువు దగ్గరికి రావాలి, రాకపోతే అదొకటి ఉందన్న సంగతే మర్చిపోతారు. కానీ పడవలు తిరగాలని ఏడాదంతా నిండుగా ఉంచి, తూము సిమెంటుతో మూసేశారు. వాన వస్తే పట్టుకోవడానికి చెరువులో జాగా లేదు. వచ్చిందంతా అలుగు మీదికే. అలుగు కింద కాల్వ ఉండాల్సిన చోట రెండు బ్లాకులు, మా బ్లాకు ఒకటి.

25 ఎకరాలు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ వదలాలని రూలుంది. మా అసోసియేషన్ మీటింగుల్లో దాని మీద గంటలు గంటలు వాదనలు. ఒడ్డు నుంచి ఎన్ని మీటర్లన్నదే అందరికీ టెన్షన్. పై నుంచి వచ్చే కాల్వ, కిందికి పోయే కాల్వ గురించి ఎవరూ అడగరు. నేను అడిగితే, సెల్లార్ ర్యాంపు రెండడుగులు ఎత్తు చేద్దామని తీర్మానం చేశారు. అప్పుడు ఆ నీళ్లు పక్క గల్లీలో రేకుల ఇళ్లలోకి పోతాయని లేచి చెప్పాను. రెండు మీటింగుల నుంచి ఆ తీర్మానం అట్లాగే ఆగి ఉంది. నా దగ్గరున్న పాత నక్షా నకలు ఫ్రేమ్ కట్టించి నోటీస్ బోర్డు పక్కన పెట్టాను. దాంట్లో కాల్వ ఉంది.

అంబర్‌పేటలో బతుకమ్మ కుంట చూసొచ్చాను. ఏళ్ల తరబడి చెత్తా మట్టితో పూడిపోయిన చోటు. తవ్వుతుంటే నీళ్లు ఊరాయి. 2025లో అక్కడ మళ్లీ బతుకమ్మ ఆడారు. గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆ నీళ్లకేసి చూశాను.

* * *

సెల్లార్ కడగడం అయ్యాక, ఆ సాయంత్రం వాచ్‌మన్ భార్యను మేడ మీదికి రమ్మన్నాను. చెరువేదని అడిగింది కదా. దూరంగా రంగు లైట్ల వరస చూపించి, అదమ్మా కట్ట అన్నాను. ఆ రెండు బ్లాకుల సందు అలుగు. మనం నిలబడ్డది మళ్లల్లో. ఆ వైపు కుంట, దాని కింద పెద్ద చెరువు, ఆ పొగలాగా కనిపించేది మూసీ వైపు.

ఆమె కొంగు నడుముకు చుట్టుకుని, వేలితో నేను చూపించిన దారే గాల్లో గీసింది. పైనుంచి మొదలుపెట్టి, చెరువు, అలుగు, మా సెల్లార్ మీదుగా కిందికి. మా ర్యాంపు దగ్గరకొచ్చాక వేలు ఆగింది.

"మరి కింది ఇండ్లోల్లకు మొన్న రాత్రి ఎవలన్న చెప్పిండ్రా సార్, నీళ్లొస్తున్నయని?"

"లేదమ్మా."

ఆమె ఇంకేదో అనబోయి, కింద మోటరు ఒట్టిగా తిరుగుతున్న చప్పుడు విని, మెట్లు దిగి పోయింది. మరుసటి రోజు చూస్తే గేటు పక్కన ఐదు పెయింటు బకెట్లలో ఆ మన్ను నింపి ఉంది. రెండింట్లో మెంతులు చల్లింది. పక్క గల్లీలో ఎవరికి ఫోన్ చేయాలో నంబర్లు కనుక్కుని, మా వాచ్‌మన్ గది తలుపు వెనక సుద్దముక్కతో రాయించాను. ఇప్పటికి నాలుగు ఇళ్లవి ఉన్నాయి.